చేతిలో ఒకటి

గురువారం పొద్దున్న పావు తక్కువ పదకొండుకి, పిల్లలకి పన్ను వచ్చినట్టు, భ్రమరాంబ పనిచేసే ఆఫీసుకి మూడు వందల పన్నెండో గది వస్తుంది. ముందు గోడ కాస్త ఎర్రబడుతుంది, తర్వాత ఉబ్బుతుంది, ఆ తర్వాత తలుపు పైకి తేలుతుంది. భ్రమరాంబ సుద్దముక్కతో తలుపు మీద నంబరు వేసి, లోపల పీటలు సరిగ్గా తొమ్మిది ఉన్నాయో లేవో చూసుకుని వెనక్కి బయల్దేరుతుంది.

రావడానికి ఎంతోసేపు పట్టదు. ఖాళీ చేతులతో నడిచేవాళ్ళకి ఆ గదుల వరస పొట్టిగానే ఉంటుంది.

ఆఫీసు కాకినాడ మెయిన్ రోడ్డులో, కళ్ళజోళ్ళ షాపు మీద మూడో అంతస్తు. కిందనించి చూస్తే రెండు కిటికీలూ ఒక బోర్డూ, అంతే. లోపల మాత్రం గదిలోంచి గది, గదిలోంచి గది, తూర్పుగా వెళ్తూనే ఉంటాయి. లెక్క ప్రకారం ఎప్పుడో ఊరు దాటిపోయి ఉండాలి. ఇప్పటిదాకా ఎవరూ వచ్చి మా స్థలంలోకి వచ్చేరని పేచీ పెట్టలేదు.

ఇక్కడ తయారయ్యేది ఒక లైబ్రరీ. పుస్తకాలది కాదు, ఒక చిన్న కంప్యూటర్ భాషకి కూడికలూ గుణకారాలూ చేసిపెట్టే లైబ్రరీ. మామూలు కంప్యూటరుకి సంఖ్య అంటే కొలిచి కట్టిన పెట్టె. నిండేక పైది ఒలికిపోతుంది, ఒలికిందని చెప్పదు కూడా. సర్వేశం గారి లైబ్రరీలో అలా కాదు. గది నిండితే పక్కన ఇంకో గది. గదికి తొమ్మిది పీటలు, పీటకి ఒక అంకె. అంకెలుగా కూర్చోడానికి ఊళ్ళోంచే మనుషులొస్తారు: టైలర్లు, బస్సు కండక్టర్లు, తెలుగు పంతుళ్ళు, చేపలమ్మేవాళ్ళు. ఎవరికి ఏ అంకె ఇస్తే ఆ అంకెగా కూర్చుంటారు.

సర్వేశం గారికి డెబ్భై నాలుగేళ్ళు. ఇరవై ఏళ్ళ కిందట కాలేజీలో లెక్కలు చెప్పడం మానేసి ఇది మొదలుపెట్టేరు. మొదటి పేజీలో ఆయన రాసిన మాట ఒక్కటే: సంఖ్య ఎంత పెద్దదైనా సరే. ఆ మాట నిజమో కాదో చూసుకోవడానికే పదకొండు రోజులుగా ఒక గుణకారం నడిపిస్తున్నారు. అది ఇప్పుడే పూర్తయింది.

"ఏం వచ్చిందమ్మా?" అని అడుగుతారు.

"అన్నీ తొమ్మిదులేనండి. మూడు వందల పన్నెండు గదుల్లోనూ."

సర్వేశం గారు ఆ మొదటి పేజీ ఒకసారి తీసి చూసుకుంటారు. తర్వాత, "అయితే ఒకటి కలుపుదాం," అంటారు.

చిన్నప్పుడు పలక మీద అందరూ చేసిందే. తొమ్మిదికి ఒకటి కలిస్తే పది. సున్నా వేసి, ఒకటి చేతిలో పెట్టుకుంటాం. దాన్ని తీసుకెళ్ళి పక్క అంకెకి ఇవ్వాలి. పక్కదీ తొమ్మిదే అయితే అక్కడా సున్నా వేసి, ఒకటి మళ్ళీ చేతిలోకే. అన్నీ తొమ్మిదులైనప్పుడు ఆ ఒకటిని దించడానికి ఎక్కడా వీలుండదు. ఎవరో ఒకరు కొసదాకా మొయ్యాలి.

మొయ్యడానికి నూకరాజు వస్తాడు. లైబ్రరీలో ఎక్కడ తప్పులున్నాయో వెతకడం అతని పని. మితభాషి, ఉప్పాడ మనిషి, చేతికి అందించింది జారనివ్వడని పేరు. సర్వేశం గారి అరచేతిలోంచి అతని అరచేతిలోకి ఒకటి వెళ్తుంది. నూకరాజు గుప్పిట మూసుకుంటాడు.

"ఆయ్, వచ్చేస్తానండి," అని మొదటి గదిలోకి వెళ్తాడు.

గోడగడియారం ఇంకా పావు తక్కువ పదకొండే చూపిస్తోంది. నూకరాజు వెళ్ళి మూడు రోజులవుతుంది.

అప్పుడు అతని భార్య వీరవేణి పిఠాపురం బస్సు దిగి మెట్లెక్కి వస్తుంది. చేతిలో మూడు గిన్నెల క్యారేజీ. "మా ఆయన ఇంటికి రాలేదండి," అంటుంది.

"ఇంకా గురువారమేనమ్మా," అంటారు సర్వేశం గారు.

"మా ఊళ్ళో ఆదివారం వచ్చేసిందండి."

ఆయన దాన్ని కాదనరు. కుర్చీ చూపించి, నెమ్మదిగా చెబుతారు. "అతని చేతిలో ఒకటి ఉంది తల్లీ. దాన్ని పెట్టే చోటు దొరికేదాకా రాలేడు."

వీరవేణి కూర్చోదు. "కొసాకి చోటు ఉందాండి?" అని అడుగుతుంది.

సర్వేశం గారు భ్రమరాంబ వైపు చూస్తారు. ఎందుకంటే గుణకారానికి ఎన్ని గదులు కావాలో ముందే తెలుసు, ముందే చెప్పి కట్టించుకుంటుంది. చేతిలో ఒకటి మాత్రం చెప్పాపెట్టకుండా వస్తుంది. దానికి ప్రోగ్రాంలో వేరే లైనుంది. ఆ లైను పంతొమ్మిదేళ్ళ కిందట, ఉద్యోగంలో చేరిన వారానికి, భోజనానికి లేవబోతూ భ్రమరాంబ రాసింది. ఆ తర్వాత ఒక్కసారి కూడా దాని అవసరం రాలేదు. ఇంత పెద్ద సంఖ్య, ఇలా అన్నీ తొమ్మిదులతో, ఎవరికీ తగల్లేదు.

భ్రమరాంబ కంప్యూటర్లో ఆ లైను తెరుస్తుంది. *చేతిలో ఇంకా మిగిలి ఉంటే, కొసన ఒక గది చేర్చు.* తప్పేమీ కనిపించదు. కాని చూస్తున్నకొద్దీ చూపు చివరి మాట దగ్గర ఆగిపోతోంది. చేర్చు. ఎవరిని చేర్చమంటోంది తను? ఆ మాట ఎవరికి చెబుతున్నట్టు? అప్పుడు ఆకలి మీద ఉంది, అంతకుమించి గుర్తు లేదు. ఆ లైను పనిచెయ్యకపోతే నూకరాజు కొస గది తలుపు తీసుకుని సంఖ్య బయటికి అడుగేస్తాడు.

"నేను వెళ్తానండి," అని లేస్తుంది.

"నేనూ వస్తాను," అంటుంది వీరవేణి.

"క్యారేజీ ఇక్కడ పెట్టు వేణీ. చేతిలో ఏదైనా ఉంటే దారి పొడుగైపోతుంది."

"మూడు రోజులనించి తినలేదండి ఆయన. పొడుగైతే అవ్వనివ్వండి."

మొదటి గదిలో అడుగు పెట్టగానే భ్రమరాంబ ఆగిపోతుంది. పొద్దున్న చూసినప్పుడు ఇక్కడ తొమ్మిదిమందీ తలలు బరువై, మెడలు ముందుకి వాలి, ముడుచుకుని కూర్చున్నారు. ఇప్పుడు మోకాళ్ళు చేతులతో చుట్టుకుని గుండ్రంగా ఉన్నారు. మొహాల్లో, పెళ్ళి పనులన్నీ అయిపోయిన మర్నాడు కనిపించే తేలిక. ఎవరూ మాట్లాడటం లేదు. సన్నటి ఝుంకారం ఒకటి వస్తోంది. భ్రమరాంబకి ఎడమ చెవి చిన్నప్పటినించీ వినిపించదు. ఆ ఝుంకారం ఆ చెవిలోనే వినిపిస్తోంది.

మూడో పీట మీద ముసలామె ఉంది. చేపలమ్మే మనిషి, బుట్ట పక్కనే పెట్టుకుంది.

"మా ఆయన ఇలా వెళ్ళేరా అవ్వా?" అని వీరవేణి అడుగుతుంది.

"ఎళ్ళేడమ్మా. నా తలమీద చెయ్యి పెట్టేడు. పెట్టగానే మొయ్యాల్సిందంతా పోయింది."

వీరవేణి ఆమెని ఎగాదిగా చూస్తుంది. "అయితే ఇప్పుడు నువ్వు ఏమీ కాదా అవ్వా? సున్నాయేనా?"

ముసలామె నవ్వుతుంది. "నేను లేచి ఎళ్ళిపోతే తెలుస్తుంది, ఏమీ కాదో ఏటో."

ఇద్దరూ నడుస్తారు. క్యారేజీ మూలాన గదులు సాగుతున్నాయి. అయిదో గది బడి అంత ఉంది, పదో గది రైల్వే ప్లాట్‌ఫారం అంత. పీటకీ పీటకీ మధ్య కేకేస్తే గాని వినపడనంత దూరం. ప్రతి గదిలోనూ గడియారం ఉంది, ప్రతి గడియారంలోనూ పావు తక్కువ పదకొండే. కిటికీల్లోంచి అదే ఎండ, అదే కోణంలో పడుతోంది.

నేలమీద నూకరాజు అడుగుజాడలున్నాయి. మొదటి గదిలో అవి దుమ్ములో పడ్డ గుర్తులంత. రెండో గదిలో తడి సిమెంటు మీద నడిచినట్టు లోతు. నాలుగో గది నించి గచ్చు చీలమండ దాకా దిగిపోయి ఉంది.

"ఇదేంటండి? ఈయన అరవై కేజీలు కూడా ఉండరు," అంటుంది వీరవేణి.

"అతని బరువు కాదు వేణీ. ఒకటి పక్క పీటకి జరిగితే పదవుతుంది. ఆ పక్కకి జరిగితే వంద. చూడ్డానికి ఒకటే, గుప్పిట్లో పట్టేస్తుంది. మొదటి గది దాటేసరికి వంద కోట్లు మోస్తున్నాడు. రెండో గది దాటేసరికి ఆ వంద కోట్లు వంద కోట్ల సార్లు. ఆ తర్వాత వాటికి పేర్లు లేవు."

"పేరు లేకపోయినా బరువు ఉంటుందాండి?"

"ఉంటుంది."

వీరవేణి క్యారేజీ ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంటుంది.

యాభయ్యో గదికి అడుగుజాడలు కలిసిపోయి కాలవ అవుతాయి. నూరో గదిలో ఆ కాలవ మోకాలి లోతు, రెండు వందలో గదిలో నడుం లోతు. ఇద్దరూ అందులోనే దిగి నడుస్తున్నారు. రెండు గట్ల మీదా పీటలు, పీటల మీద సున్నాలు, తలలు వంచి చూస్తూ దారి చెబుతున్నారు. "ముందుకే అమ్మా, ముందుకే." ఒక కండక్టరు అలవాటు కొద్దీ "రైట్ రైట్" అంటాడు. రాయి కోసిన చోట లోపలి పొరలు మెరుస్తున్నాయి. భ్రమరాంబ చేత్తో తడిమి చూస్తుంది. వెచ్చగా ఉంది. ఒక మనిషి ఇదంతా మోసుకుంటూ, ఒక్కొక్కరి తలమీదా చెయ్యి పెట్టి, ఒక్కరినీ వదలకుండా వెళ్ళేడు. ఎక్కడా ఆగిన గుర్తు లేదు. కూర్చున్న గుర్తు లేదు. రెండు వందల యాభయ్యో గది దగ్గర మాత్రం గోడమీద ఎడమ అరచేయి అచ్చు ఉంది. అక్కడ ఊపిరి తీసుకున్నాడు కాబోలు. వీరవేణి తన అరచెయ్యి ఆ అచ్చులో పెట్టి చూసుకుని, మళ్ళీ నడుస్తుంది.

ఝుంకారం పెరుగుతోంది. ఇప్పుడది ఎడమ చెవిలోనే కాదు, పళ్ళల్లో ఉంది, మోకాళ్ళలో ఉంది. వెనక్కి తిరిగి చూస్తే, తెరిచిన తలుపుల్లోంచి గదులన్నీ ఒకదాన్లో ఒకటి కనిపిస్తున్నాయి. ఆ చివర, చీమంత, సర్వేశం గారు లేచి నిలబడి ఉన్నారు. పంతొమ్మిదేళ్ళు భ్రమరాంబ దీన్ని కంప్యూటరు తెరమీదే చూసింది. ఇంత ఉంటుందనుకోలేదు. ఇంతమంది ఉంటారనుకోలేదు.

మూడు వందల పన్నెండో గదిలో, ఆఖరి పీట పక్కన, నూకరాజు ఛాతీ దాకా నేలలో దిగిపోయి నిలబడి ఉన్నాడు. కుడి గుప్పిట మాత్రం పైకెత్తి పట్టుకున్నాడు. ఆఖరి పీటమీద ఉన్న తెలుగు పంతులు గారు కూడా అప్పటికే సున్నా అయిపోయేరు. ఆయన కండువాతో నూకరాజు నుదుటి చెమట తుడుస్తున్నారు.

ఎదురుగా గోడలో తలుపు ఉంది. తెరిచే ఉంది. అవతల ఆకాశం లేదు, చీకటి లేదు, పొగమంచు లేదు. ఏ రంగూ లేదు.

"చోటు లేదండి మేడం," అంటాడు నూకరాజు. తప్పెవరిదని అడగడం లేదు. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాడు. తర్వాత భార్యని చూసి, "నువ్వెందుకు వచ్చేవు?" అంటాడు.

"తినలేదు కదాని."

"చెయ్యి ఖాళీ లేదు కదే."

నూకరాజు గుప్పిట ఇంకాస్త పైకెత్తుతాడు. "వదిలెయ్యమంటారాండి?" అని భ్రమరాంబని అడుగుతాడు. "వదిలేస్తే మా పని అయిపోద్ది. మామూలు కంప్యూటర్లు అదే చేస్తాయి కదండి."

భ్రమరాంబ వెనక్కి చూస్తుంది. రెండు వేల ఎనిమిది వందల ఎనిమిదిమంది సున్నాలు మోకాళ్ళు పట్టుకుని ఇటే చూస్తున్నారు. ముందు ఒకటి కూర్చుంటే వాళ్ళందరూ కలిసి, ఇప్పటిదాకా ఎవరూ ఉచ్చరించనంత సంఖ్య. ఆ ఒకటి జారిపోతే వాళ్ళు నిజంగానే ఏమీ కాదు. ఝుంకారం ఆగిపోయింది. అందరూ ఊపిరి బిగపట్టేరు.

"వదలొద్దు నూకరాజూ."

"ఆయ్."

ఆమె తలుపు దగ్గరికి వెళ్ళి, ఆ లైను చదువుతుంది. "చేతిలో ఇంకా మిగిలి ఉంటే, కొసన ఒక గది చేర్చు." ఏమీ జరగదు. ఇంకొంచెం గట్టిగా చదువుతుంది. గోడ మీద సున్నం పెళ్ళ ఒకటి రాలుతుంది. నూకరాజు ఇంకో వేలెడు దిగుతాడు. మూడోసారి చదవబోయి ఆగిపోతుంది. తను రాసిన లైను తప్పు కాదు, కాని అందులో ఎదుటివాళ్ళెవరూ లేరు. ఎవరూ లేనిచోట ఆజ్ఞ వేసి అన్నానికి వెళ్ళిపోయింది.

వీరవేణి ఇదంతా చూస్తోంది. "అలా చదివితే ఎవరు వింటారండి?" అంటుంది. "నేను బస్సుల్లోనే తిరుగుతాను. సీట్లన్నీ నిండిపోయి ఉంటాయి. చేర్చు అంటే ఎవరు చేరుస్తారు? అడగాలి."

"ఎవర్ని?"

"అటుపక్క కూర్చున్నవాళ్ళని."

"అటుపక్క ఎవరూ లేరు కదా వేణీ."

"లేరని మీకెలా తెలుసండి? మీరెప్పుడూ అడగలేదుగా."

భ్రమరాంబ కళ్ళజోడు తీసి, చీర కొంగుతో తుడిచి పెట్టుకుంటుంది. గుమ్మం మీద రెండు చేతులూ ఆనించి, ఆ రంగులేనిదానిలోకి కాస్త వంగుతుంది. మొహానికి గాలి తగలదు. ఎవరో తెలియని పెద్దావిడతో మాట్లాడినట్టు, సిగ్గుపడుతూ, మెల్లిగా అంటుంది.

"ఏమండీ, కాస్త జరుగుతారా? మా మనిషి ఒకాయన చాలాదూరం నించి నిలబడే వస్తున్నాడు."

కాసేపు ఏమీ లేదు.

తర్వాత అవతల ఏదో సర్దుకుంటుంది. చెక్క బల్ల మీద మనిషి పక్కకి జరిగినప్పుడు వచ్చే చప్పుడే అది. కాని ఒక కొసన మొదలై, చాలాసేపు సాగి, ఎక్కడో చాలా దూరాన ఆగుతుంది. మూడు వందల పన్నెండు గదుల్లోనూ గడియారాలు ఒక్కసారి టక్కుమంటాయి. తలుపు అవతల కొత్త సున్నం వాసన వేస్తుంది. ముందు నేల వస్తుంది, తర్వాత గోడలు, తర్వాత ఒక కిటికీ, తొమ్మిది పీటలు. పీటల మీద ఎవరూ లేరు.

నూకరాజు ఊపిరి బిగపట్టి, చెయ్యి చాపి, మొదటి పీట మీద గుప్పిట ఆనించి, విప్పుతాడు.

అరచేతిలో ఏమీ కనిపించదు. పీటమీద మాత్రం ఒకామె కూర్చుని ఉంది. సన్నగా, నిటారుగా, అప్పుడే తలస్నానం చేసినట్టు తడిజుట్టుతో. వయసు చెప్పడం కష్టం. ఊళ్ళో ఎవరూ ఎన్నడూ చూడని మనిషి. ఆమె తల తిప్పి, తన వెనక వరసగా గదులన్నింట్లోనూ కూర్చున్నవాళ్ళని చూస్తుంది. ఒక్కొక్కరినీ చూస్తుంది. అందరికీ కలిపి ఒకే నమస్కారం పెడుతుంది. రెండు వేల ఎనిమిది వందల ఎనిమిదిమంది ఒక్కసారి ఊపిరి వదులుతారు. ఆ గాలికి క్యారేజీ మూత ఎగిరిపోతుంది.

తర్వాత ఆమె భ్రమరాంబని అడుగుతుంది. "నా ముందు ఎవరైనా ఉన్నారా?"

ఖాళీగా ఉన్న ఎనిమిది పీటల వైపు చూసి, "ఇంకా లేరండి," అంటుంది భ్రమరాంబ.

పంతులు గారూ ఇద్దరాడవాళ్ళూ కలిసి నూకరాజుని పైకి లాగుతారు. ఇప్పుడతను దూదిలా ఉన్నాడు, లాగిన ఊపుకి కప్పుకి తగలబోతాడు. వీరవేణి అతని లుంగీ కొస పట్టుకుని కిందికి దించి, గిన్నె విప్పి చేతిలో పెడుతుంది. పులుసన్నం ఎప్పుడో ఇంటి దగ్గర వండింది, ఇంకా పొగలు కక్కుతోంది. నూకరాజు కుడిచేతి వేళ్ళు సరిగ్గా వంగడం లేదు. ఆవిడే కలిపి ముద్దలు పెడుతోంది. అతను తింటూ, "ఒక్కరు కూడా బాధపడలేదే," అంటాడు. "చెయ్యి పెడుతూంటే కళ్ళు మూసుకునేవారు. అందుకే నడవగలిగేను."

కబురు పీట నించి పీటకి వెనక్కి వెళ్తోంది. చోటు దొరికింది, చోటు దొరికింది. గది దాటి గది దాటి అది చిన్నదైపోతుంది. చాలాసేపటికి అటునించి జవాబు వస్తుంది, ఒకరి చెవిలోంచి ఒకరి చెవిలోకి. పంతులు గారు విని, భ్రమరాంబకి చెబుతారు.

"సర్వేశం గారు గోడకి ఆనుకుని నిలబడ్డారట. మొదటి గదిలో చేపలామె లేవకుండానే ఆయన చెయ్యి పట్టుకుందట."

భ్రమరాంబ తల ఊపుతుంది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి, తుడుచుకోదు. కొత్త గదిలోకి వెళ్ళి, ఖాళీ పీటలకి తగలకుండా పక్కనించి నడిచి, కిటికీ దగ్గర నిలబడుతుంది. జరిగినవాళ్ళకి కృతజ్ఞత చెప్పడం మర్యాద కదా.

కిటికీ నిండా బట్ట ఉంది. నీలం రంగు నేత బట్ట. పక్కన మనిషి కూర్చుంటారని, అటు జరిగినావిడ ఎవరో చీర కుచ్చిళ్ళు దగ్గరికి లాక్కుంటోంది, ఆ లాగడం ఇంకా పూర్తి కాలేదు. మడత మీద మడత కిటికీ ముందునించి మెల్లిగా వెళ్తోంది. వీరవేణి వచ్చి పక్కన నిలబడుతుంది, చేతికి అన్నం మెతుకులతోనే. బట్ట వెళ్ళి వెళ్ళి, అంచు వస్తుంది. అంచు వెడల్పు ఎంతో తెలియదు, పై కొస కనిపించడం లేదు. అందులో పచ్చటి చేలు నీళ్ళు పెట్టి ఉన్నాయి, వరసగా ఆడవాళ్ళు వంగి నాట్లు వేస్తున్నారు. మడత తిరిగిన చోట చేలు తలకిందులవుతున్నాయి, వాళ్ళూ తలకిందులుగానే నాటుతూ వెళ్తున్నారు, వాళ్ళ పాట మాత్రం నిలువుగానే ఉంది. నీళ్ళు ఒక్క చుక్క కూడా ఒలకడం లేదు.